ఫాసలా

సంక్రాంతికి రెండు రోజుల ముందు మా డెస్క్‌లో ఏటా ఒకే సవాల్ లేస్తుంది. చౌటుప్పల్ అవతల బండ్లు నిలిచిపోయాయని స్ట్రింగర్ ఫోన్ చేస్తాడు, వెంటే ఫొటో పంపుతాడు. చీకట్లో కిలోమీటర్ల పొడుగునా ఎర్ర లైట్ల దండ. ఇన్‌ఛార్జి అడిగే మొదటి మాట, "యాక్సిడెంట్ ఎక్కడయ్యా?" అవతల్నుంచి జవాబు, "ఏం కాలేద్సార్, ఊకెనే ఆగింది." ఊకెనే ఆగింది అని హెడ్డింగ్ పెట్టలేం కాబట్టి "విపరీతమైన రద్దీ కారణంగా వాహనాలు బారులు తీరాయి" అని రాస్తాం. రద్దీ ఎందుకయ్యిందయ్యా అంటే రద్దీ వల్ల! మా ఉర్దూ మీడియం బడిలో ఉస్తాద్ ముందు ఇలాంటి జవాబు చెప్పుంటే బెంచీ ఎక్కించేవారు.

నిజానికి స్ట్రింగర్ మాటే సహీ. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే 65వ నెంబరు జాతీయ రహదారి మీద (మా పెద్దవాళ్లకి అదింకా 9వ నెంబరు రోడ్డే) పండగ రోజుల్లో సఫర్ చేసిన వాళ్లందరికీ ఇది తెలుసు. పంతంగి టోల్‌గేటు దగ్గర ఆగామంటే దానికో మతలబ్ ఉంది, అక్కడ గేటుంది. కానీ గేటు దాటి పది కిలోమీటర్లు పోయాక, నిక్షేపంలాంటి నాలుగు లేన్ల రోడ్డు మీద ఎందుకు ఆగుతున్నాం? అరగంట సేపు పాకుతాం. ముందెక్కడో లారీ బోల్తా పడిందనుకుంటాం. ఎవరికేమైందోనని లోపల్లోపల దువా కూడా చదువుకుంటాం. ఉన్నట్టుండి దారి తెరుచుకుంటుంది. చూస్తే అక్కడ లారీ లేదు, పోలీసు లేడు, రోడ్డు మీద గాజు పెంకు లేదు. అరగంట మనల్ని ఆపింది జిన్నాతులా అనిపిస్తుంది. ఇంజినీర్లు కూడా దీనికి దాదాపు అలాంటి పేరే పెట్టారు, ఫాంటమ్ జామ్ అని. దయ్యం జామ్.

ఈ దయ్యాన్ని పట్టి చూపించిన వాళ్లు జపాన్ వాళ్లు. నగోయా యూనివర్సిటీకి చెందిన యూకి సుగియామా, ఆయన సాథీలు చేసిన తజ్రుబా 2008లో అచ్చయింది. 230 మీటర్ల చుట్టుకొలతతో ఒక గుండ్రటి దారి గీశారు. దాని మీద 22 కార్లు పెట్టారు. డ్రైవర్లకి చెప్పిందల్లా గంటకి 30 కిలోమీటర్ల చొప్పున, ముందు బండి వెనక జాగ్రత్తగా పోతూ ఉండమని. సిగ్నల్ లేదు, గుంత లేదు, అడ్డమొచ్చే గొర్రెల మంద లేదు. కాసేపు తస్బీ పూసల్లా చక్కగా తిరిగాయి. తర్వాత ఎవరో ఒకరు కాస్త దగ్గరికొచ్చి కాస్త ఎక్కువ తగ్గారు. వెనకాయన ఇంకాస్త, ఆ వెనకాయన మరికాస్త. కొద్దిసేపట్లో నాలుగైదు కార్లు పూర్తిగా నిలబడిపోయాయి. ఆ నిలబడ్డ గుంపు గంటకి సుమారు 20 కిలోమీటర్ల వేగంతో వెనక్కి జరగడం మొదలెట్టింది. కార్లు ముందుకి, జామ్ వెనక్కి. పెద్ద హైవేల మీద కొలిచినా ఆ వెనకనడక వేగం దాదాపు అంతే.

ఎందుకిలా అంటే, మనిషికి చూసి కాలు కదపడానికి ఒక సెకను, సెకనున్నర పడుతుంది. గంటకి 80 కిలోమీటర్లంటే సెకనుకి 22 మీటర్లు. ముందు బండికీ మనకీ మధ్య 15 మీటర్లే ఉంటే, ఆయన బ్రేకు లైటు వెలిగిన సంగతి మన కాలికి చేరేలోపే ఆ 15 మీటర్లు ఖర్చయిపోతాయి. అందుకని ఖంగారులో అవసరానికి మించి నొక్కుతాం. వెనకవాడికి మన ఖంగారు కూడా కలిసి అందుతుంది. పది పదిహేను బండ్ల అవతల ఎవడో ఏ పాపమూ ఎరగనివాడు పూర్తిగా ఆగిపోతాడు. మొదట బ్రేకు తాకించిన మహానుభావుడు అప్పటికే చిట్యాల దాటి, ఫిల్టర్ కాఫీ తాగుతూ, "ఈరోజు రోడ్డు ఫ్రీగానే ఉంది మాషా అల్లా" అనుకుంటుంటాడు.

నాకు దీన్ని చదివినప్పుడల్లా మక్కా మసీదులో జుమ్మా నమాజు గుర్తుకొస్తుంది. రమ్‌జాన్ చివరి జుమ్మాకి సఫ్‌లు మసీదు దాటి చార్మినార్ వైపు రోడ్డు మీదకి వస్తాయి. ఎక్కడో చివరి సఫ్‌లో ఉన్నవాడికి ఇమామ్ కనిపించడు. అయినా వేలమంది ఒక్కసారే రుకూకి వంగుతారు. ముందువాడి వీపు చూసి వంగితే అది అలలాగా వెనక్కి పోయేది, చివరివాడు వంగేసరికి ముందువాళ్లు సజ్దాలో ఉండేవాళ్లు. అలా కాకుండా తక్బీర్ అందరికీ ఒకేసారి వినపడుతుంది. మైకులు లేని కాలంలో దీనికోసం ముకబ్బిర్‌లు ఉండేవారు. మధ్య సఫ్‌లలో నిలబడి ఇమామ్ తక్బీర్‌ని గట్టిగా అందుకుని వెనక్కి అందించేవారు. హైవే మీద మనకి ఇమామ్ లేడు, ముకబ్బిర్ లేడు. ముందువాడి వీపు మీది ఎర్ర లైటే దిక్కు.

లండన్ చుట్టూ తిరిగే ఎం25 రోడ్డు మీద 1995లో ముకబ్బిర్‌లని పెట్టారు. అంటే, ముందు రద్దీ పెరగగానే వెనక కిలోమీటర్ల దాకా రోడ్డు పైన వెలిగే బోర్డుల్లో స్పీడు లిమిట్‌ని తగ్గించి చూపించే ఏర్పాటు. అందరూ ఒకేసారి కొంచెం నెమ్మదిస్తే ఎవరూ ఆగిపోనక్కర్లేదు. నెమ్మదిగా పోతే త్వరగా చేరతామనడం వినడానికి ఖవ్వాలీ చరణంలా ఉంటుంది గానీ లెక్క మాత్రం పచ్చిగా ఉంది. రెండు సెకన్ల ఫాసలాతో బండ్లు ఆగకుండా సాగితే ఒక్క లేన్‌లో గంటకి 1800 బండ్లు దాటతాయి. ఇంతకన్నా దగ్గర దగ్గరగా తోలితే కాసేపు ఎక్కువే దాటతాయి, కానీ ఏదో ఒక క్షణాన కుప్పకూలుతుంది. ఒకసారి కూలిందంటే, జామ్ నోట్లోంచి బయటపడే ధార మునుపటంత జోరుగా రాదు. సుమారు పదో వంతు దాకా పడిపోతుంది. వెనక వచ్చేవాళ్లు వస్తూనే ఉంటారు కదా, తోక పెరుగుతూనే ఉంటుంది.

ఈ శాస్త్రం మొదలైన తీరు కూడా నాకు నచ్చింది. 1955లో లైట్‌హిల్, విథమ్ అనే ఇద్దరు బ్రిటిష్ గణిత పండితులు జంటగా రెండు వ్యాసాలు రాశారు. రెండోది రద్దీ రోడ్ల మీద బండ్ల గురించి. దానికి ముందుది, పొడవాటి నదుల్లో వరద ఎలా కదులుతుందనే దాని గురించి. నీళ్ల లెక్కే బండ్లకీ పనికొచ్చింది. కాకపోతే నీటిబొట్టుకి అహం ఉండదు.

అహం అనగానే మా చిన్న మామూ సంగతి చెప్పాలి. అమ్మీకి ఆఖరి తమ్ముడు, ఉండేది సూర్యాపేట. ముప్ఫై ఏళ్లు లారీ తోలాడు. నేను తెలుగు బీఏ చదివే రోజుల్లో బస్సు ఛార్జీ మిగులుతుందని ఆయన క్యాబిన్‌లో ఎన్నోసార్లు హైదరాబాద్ వచ్చాను. అప్పుడది ఎదురెదురు బండ్లు పోయే పాత రోడ్డు. ముందు బండికీ తన లారీకీ మధ్య మామూ ఎప్పుడూ ఒక పెద్ద ఖాళీ ఉంచేవాడు. ఎవరో ఒకరు అందులో దూరేవారు. మామూ తిట్టేవాడు కాదు, కాలు కొంచెం తీసేవాడు, ఖాళీ మళ్లీ తయారయ్యేది. ఇంకొకరు దూరేవారు. కుర్రాణ్ణి కదా, నాకు ఒళ్లు మండేది. "అందరూ మనల్నే దాటుకుంట పోతున్నరు మామూ" అంటే నవ్వేవాడు.

"కిత్తే జనే ఘుసే బేటా? ముప్ఫై మందా? ఒక్కొక్కడు రెండు సెకన్లు తీసుకున్నా నిమిషమైతది. ఒక నిమిషంలో నీ కాలేజేమన్నా లేచిపోతదా?"

బ్రేకు విషయంలో ఆయన వసూల్ ఇంకా కఠినం. "బ్రేక్ కూ నక్కో ఛేడ్. పావ్ ఉఠా, బస్." బ్రేకుని కదిలించకు, కాలు ఎత్తు, చాలు. అందులో వేదాంతమేమీ లేదు, డీజిల్ లెక్క ఉంది. లోడుతో ఉన్న లారీ పూర్తిగా ఆగి మళ్లీ మొదటి గేరు నుంచి లేవాలంటే ఎంత తాగుతుందో ఓనరుకి చెప్పుకోవాల్సింది ఆయనే. క్లచ్ ప్లేటు అరిగినా, బ్రేకు డ్రమ్ములు కాలినా మాటపడేది ఆయనే. అందుకని అరకిలోమీటరు దూరంలో ఎర్రలైట్లు కనపడగానే కాలు తీసేసేవాడు. మేం దగ్గరకి చేరేసరికి వాళ్లు కదిలిపోయి ఉండేవారు. ఆగిన వాళ్ల వెనక ఆగకుండా పోయేవాళ్లం. మా వెనక ఉన్న ఇరవై బండ్లు కూడా ఆగకుండా వచ్చేవి. వాళ్లకి ఆ సంగతి తెలీదు. వాళ్ల హారన్ మాత్రం వినపడేది.

నాలుగు లేన్ల రోడ్డు పడ్డాక, ఆయన ఉద్యోగం చివరి ఏళ్లల్లో ఒక టోల్‌గేటు లైన్లో మామూని ఒకాయన లాగి కొట్టాడు. పెద్ద కారు, ఫ్యామిలీ కూడా ఉంది. కుడి లేన్‌లో లారీ తోలి తన దారి ఆపాడని కోపం. కిందికి దిగమన్నాడు, లైసెన్స్ చూపించమన్నాడు. లైసెన్స్ మీద పేరు చదివాడు. పేరు చదివాక అన్న మాటలకి లేన్‌తో గానీ ట్రాఫిక్‌తో గానీ ఏ తాల్లుఖ్ లేదు. ఇది మామూ నోట మేం వినలేదు, ఆరు నెలల తర్వాత క్లీనర్ చెప్పాడు. నేను అడిగితే, "జానే దే బేటా, ఆయనకి ఏదో జల్దీ ఉండె" అన్నాడు. నేను జర్నలిస్టుని. నాకా జవాబుతో సబర్ రాలేదు. ఆ గొడవలో తప్పెవరిదని పేరుని పక్కన పెట్టి రోడ్డు లెక్కలోనే చూద్దామని అప్పుడే ఈ చదువంతా మొదలెట్టాను.

ఆయనకి పూర్తిగా తరఫ్‌దారీ చేయడం కుదరదు. 60 మీద పోతున్న లారీని 65 మీద పోతున్న లారీ దాటాలంటే, పొడవులూ మధ్య ఖాళీలూ కలిపి 60 మీటర్లు ఎక్కువ గెలవాలి. తేడా గంటకి 5 కిలోమీటర్లే కాబట్టి అందుకు ముప్పావు నిమిషం పడుతుంది. ఆ ముప్పావు నిమిషంలో రెండు లారీలూ పక్కపక్కన ముప్పావు కిలోమీటరు పైగా పోతాయి. వెనక 100 మీద వచ్చే కార్లు పదిహేనో ఇరవయ్యో పోగవుతాయి. జర్మనీ వాళ్లు దీన్ని ఏనుగుల పందెం అంటారు. నడిచే అడ్డుకట్ట అన్నమాట. ఈ మాట మామూకి చెప్తే ఒప్పుకున్నాడు. "సహీ. ఎక్కేటప్పుడు ఘాట్‌ల దాటొద్దు, దాటినంక ఎడమకి రావాలె. పోరగాళ్లు రారు."

మరి నువ్వెందుకు కుడివైపున్నావ్ మామూ అని అడగాలంటే ఎడమ లేన్ ఎలా ఉంటుందో చూసినవాళ్లు అడగరు. ఢాబా ముందు సగం రోడ్డు మీద నిలబెట్టిన ట్రెయిలర్. పార్కింగ్ లైటు లేని ఇసుక ట్రాక్టరు. యూ టర్న్ దూరమని రాంగ్ రూట్లో ఎదురొచ్చే బైకు, దాని మీద భార్యాభర్తా ఇద్దరు పిల్లలూ. చీకట్లో ఆగివున్న బండిని వెనకనుంచి గుద్దుకుని పోయే ప్రాణాల వార్తలు నేను చేతులారా ఎన్ని దిద్దానో. అలాంటి ఎడమ లేన్‌లో 30 టన్నులు వేసుకుని పోయేవాడు, ఆగాల్సి వస్తే ఆగలేనివాడు, కుడికి జరగడం గుండె ధైర్యంతో చేసే పని కాదు, భయంతో చేసేది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల 1990 పట్టిక ఒకటుంది. రోడ్డు మీద ఏ బండి ఎన్ని కార్లకి సమానమో అందులో లెక్క కట్టారు. బైకు అర కారు. లారీ, బస్సు మూడు. ట్రాక్టరూ ట్రాలీ కలిపి నాలుగున్నర. ఎడ్లబండి ఎనిమిది! నగోయాలో 22 కార్లూ కార్లే. మన హైవే మీద అర నుంచి ఎనిమిది దాకా అన్నీ ఒకే లేన్‌లో ఉంటాయి.

ఇక ఆ పెద్దమనిషి. నాకు ఆయన పేరు తెలీదు, తెలుసుకోదలచుకోలేదు కూడా. కానీ ఆ రకం తోలుడు మనందరికీ పరిచయమే. ముందు బండికి ముద్దు పెట్టేంత దగ్గరకి పోవడం, లైట్లు కొట్టడం, సందు దొరికితే ఎడమ నుంచి దూరి మళ్లీ కుడికి కోయడం. ఒక్కో కోతకీ వెనకవాడు బ్రేకు తాకించాలి, అంటే ఒక్కో కోతా ఒక అల విత్తనం. బండ్లు పలచగా ఉన్నప్పుడు ఆ విత్తనం మొలవదు, దారిలోనే ఆరిపోతుంది. చిక్కగా ఉన్నప్పుడు ఒక్కటి చాలు. ఇంతా చేసి ఆయన టోల్‌గేటు దగ్గర మా మామూకి దొరికాడంటే, ఇద్దరూ ఒకే టైముకి చేరినట్టే కదా? ఈ ఒక్క విషయం చెప్పినప్పుడు మాత్రం మామూ చాలాసేపు నవ్వాడు.

ఫాస్టాగ్ 2021 ఫిబ్రవరిలో తప్పనిసరి అయ్యాక గేట్ల దగ్గర చిల్లర కోసం ఆగడం పోయింది. కానీ గేటుకి వంద మీటర్ల ముందు మూడు లేన్లు మారేవాళ్లు పోలేదు. రెండు వరసలు ఒకటయ్యే చోట ఇటునుంచి ఒకటి, అటునుంచి ఒకటి పోతే జిప్పులా మూసుకుంటూ సాగుతుంది. మనం "పహ్లే ఆప్" తహజీబ్ వారసులం అని చెప్పుకుంటాం గానీ, అక్కడ మాత్రం అద్దాలు మడిచి మరీ దూరతాం. మట్టి షోల్డర్ మీద నుంచి దుమ్ము లేపుకుంటూ ముందుకి పోయి, మళ్లీ రోడ్డెక్కేవాళ్ల వల్ల ఎక్కిన చోటల్లా కొత్త అల పుడుతుంది. అంబులెన్స్ రావాల్సింది కూడా ఆ షోల్డర్ మీదనుంచే.

జనం నడిచేచోట కూడా ఇదే జరుగుతుంది. 2006 హజ్‌లో మినాలో, జమరాత్ వంతెన దగ్గర తొక్కిసలాటలో 300 మందికి పైగా షహీదయ్యారు. ఆ తర్వాత డిర్క్ హెల్బింగ్ అనే శాస్త్రవేత్త, ఆయన జట్టు వీడియోలు కొలిచి చూశారు. విషాదానికి ముందు జనప్రవాహం సాఫీగా సాగడం మానేసి, ఆగుతూ కదులుతూ అలలుగా మారిందని తేల్చారు. హైవే మీద బండ్లకి పట్టే జబ్బే. తర్వాత వంతెనని అంతస్తులుగా కట్టారు, వెళ్లే దారీ వచ్చే దారీ వేరు చేశారు, గుంపులకి టైములు ఇచ్చారు. హజ్‌కి వెళ్లొచ్చిన మా పెద్ద ఖాలా టైము స్లిప్పు గురించి ఎంత గొణిగిందో! రాళ్లు వేయడానిక్కూడా అపాయింట్‌మెంటా అని.

అమెరికాలో, ఆరిజోనా రాష్ట్రం టూసాన్‌లో నగోయా తజ్రుబానే మళ్లీ చేశారు. గుండ్రటి దారి, ఇరవై పైచిలుకు కార్లు, మామూలు మనుషులే డ్రైవర్లు. ఈసారి ఒక్క కారుని మాత్రం కంప్యూటర్ చేతికిచ్చారు. అల పుట్టనిచ్చి, ఆ తర్వాత దాన్ని వదిలారు. అది చేసిన ఘనకార్యం ఏమిటంటే ముందు ఖాళీ ఉంచుకుని, అందరి సగటు వేగంతో, ఆగకుండా కదలడం. ముందువాళ్లు దూరంగా పోతే వెంటపడలేదు, ఆగితే దగ్గరకి చేరేలోపు మళ్లీ కదిలే టైమిచ్చింది. అల ఆరిపోయింది. అన్ని కార్లూ కలిపి తాగిన పెట్రోలు 40 శాతం దాకా తగ్గింది. ఇరవైలో ఒక్కటి! 2018లో అచ్చయిన ఈ సంగతిని నేను మామూకి ఉర్దూలో అర్థం చేసి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "ఆ కంప్యూటర్‌కి తన్‌ఖా ఎంత?" అన్నాడు.

ఇప్పుడు మామూకి మోకాళ్లు పోయాయి. రెండో కొడుకు హైదరాబాద్‌లో క్యాబ్ తిప్పుతున్నాడు, ఔటర్ మీద ఎయిర్‌పోర్ట్ ట్రిప్పులు ఎక్కువ. తండ్రి చెప్పిన ఫాసలా ఉంచుతాడు. ఆ రోడ్డు మీద బైకులకి అనుమతి లేదు, ఎడ్లబండి ఊసే లేదు. తండ్రి సబఖ్ అక్కడ బాగానే పనిచేస్తుంది. బాధంతా వెనక సీట్లోంచి. "భయ్యా, ముందు అంత జాగా ఉంది కదా, పోనీ పోనీ." కొందరు దిగేటప్పుడు స్లో డ్రైవర్ అని రెండు స్టార్లు ఇచ్చి పోతారు. రేటింగ్ పడితే ట్రిప్పులు తగ్గుతాయి.

మా ఖాందాన్‌లో తెలుగు రాసే పనులన్నీ నావే. డిగ్రీ చేసిన పాపానికి శాదీ కార్డు నుంచి తహసీల్ ఆఫీసు అర్జీ దాకా. మొన్న వాడొచ్చి, సీటు వెనక అంటించడానికి ఏదైనా రెండు లైన్లు రాసివ్వు భాయ్ అన్నాడు. ఖాళీ ఎందుకు ఉంచుతున్నాడో కస్టమర్లకి తెలిసేలా. నేను కూచుని నగోయా, 22 కార్లు, రెండు సెకన్లు అంటూ పదకొండు లైన్లు రాశాను. చదివి వాపసిచ్చేశాడు. నాలుగు మాటలకి కుదించాను. అదైతే బెదిరిస్తున్నట్టుంది, స్టార్లు ఇంకా తగ్గుతాయన్నాడు. మామూ ఉర్దూలో రాయమన్నాడు, చదివేదెవరని కొడుకు అన్నాడు. ఇద్దరూ గంటసేపు వాదించుకున్నారు.

నిన్న వాడి బండెక్కి చూశాను. సీటు వెనక యూపీఐ క్యూఆర్ కోడ్ అంటించి ఉంది.